పెయ్యి కరెంటు

హన్మకొండ నుంచి స్కూటీ మీద వచ్చి
పొద్దుగాల ఏడింటికే
ఎనుమాముల యార్డు మూడో గేటుకాడ నిలబడ్డది
ఇంజినీరింగ్ కాలేజి రిఫత్.
ముక్కుకు చున్నీ, కండ్ల నిండ నీళ్లు.
మిర్చి ఘాటుకు తుమ్మి తుమ్మి,
"నీ కాక కావాలె కాకా" అన్నది.

నాకు నవ్వొచ్చింది.
ఇరవై ఆరేండ్ల సంది ఈ పెయ్యికాడికి వచ్చినోళ్లు
వీపు అడిగిండ్రు, మెడ అడిగిండ్రు,
కాక ఎవ్వలడగలే.

ముంజేతికి పట్టీ కట్టింది.
లోపట బియ్యపు గింజలసొంటి బిళ్లలు.
తోలు దిక్కు వేడి, గాలి దిక్కు సల్లన,
ఆ రెండిటి నడుమ తేడాల
కరెంటు పుడ్తదట.
జొన్నగింజంత ఎర్ర బుగ్గ
నిజంగనే వెలిగింది!
దడువాయి మొగిలి కాంటా ఇడిసిపెట్టి ఉరికొచ్చిండు.
"ఓదెలుకు మీటరు పెట్టిండ్రురో,
బిల్లు ఎవలికొస్తదో!"

రెక్కాడితే గాని డొక్కాడదని మా అవ్వ.
రెక్కాడకున్నా, ఉత్తగ కూసున్నా
పాణం ఉంటె సాలు, బుగ్గ వెలుగుతదని రిఫత్.
ఉత్తగ కూసునే పెయ్యి ఒకటుంటదని
అప్పుడే ఇన్న.

తేజ మిర్చి. బస్త నలబై కిలోలకు మీదనే.
పదకొండు దాక నూట పది మోసిన.
డబ్బల అంకెలు ఎక్కుతున్నయి,
రిఫత్ కాయితం మీద రాస్తున్నది,
అటు మొగిలి గూడ రాస్తున్నడు.
ఇద్దరి లెక్కల్లనూ నేనే.

"మాపటి దాక మోస్తె ఫోను నిండుతదా?"
తలకాయ అడ్డం ఊపింది.
"గడియారం ముల్లు కదులుతది కాకా, అంతే."
అంతేనా, అనుకున్న.
రెండు బస్తలు దించినంక
అంతనా, అనుకున్న.

రెండు కొట్టంగ ఎండ రేకుల మీదికొచ్చింది.
ఏప్రిల్ నడిమి ఎండ,
మిర్చి కుప్పల్లకెళ్లి సెగ లేస్తున్నది.
బుగ్గ ఆరింది.
పట్టీ గుంజి కట్టింది, తీగెలు పీకి మళ్ల పెట్టింది,
డబ్బ దిక్కు చూసుకుంట చానసేపు మాట్లాడలే.
"కాకా, అంకె ముందట గీత పడ్డది."
గీతంటె?
"తిరగబడ్డది. గాలి నీకంటె కాక మీదున్నది.
ఇప్పుడు నువ్విస్తలేవు.
బయటిదే నీ లోపటికొస్తున్నది."

అంకె తెల్వదు గని
ఆ సంగతి నాకెప్పటి సందో ఎరుకే.
ఈ యాళ్లకు బస్త దించినా దిగని బరువేదో
పెయ్యిల మిగుల్తదని ఇంట్ల చెప్తె
చెమటకాయలని పౌడరు పూసింది మా కొంరవ్వ.

"అట్లయితె నాకెవలో బాకీ ఉన్నట్టే గద బిడ్డా?"
మొగిలి ఈసారి నవ్వలే.
రిఫత్ కాయితం మీద
అది గూడ రాసుకున్నది.

రాత్రి లెక్క గూడ కావాలన్నది,
పట్టీ చేతికే ఉన్నది.
దేశాయిపేటల కరెంటు పోయింది.
తానం చేసి డాబా మీద ఒరిగితె
గాలి తగిలి బుగ్గ మళ్ల లేచింది.
కొంరవ్వ చెయ్యి పట్టి దానికి కట్టిన.
దినమంత తొడిమెలు తీసిన చెయ్యి,
వేళ్ల సందుల్ల మిర్చి మంట,
ఊదుకుంట కూసున్నది.
ఇంత మంటకు
బుగ్గ భగ్గున మండుతదనుకున్న.
నా చేతికి ఎంతో దాని చేతికీ అంతే.
మంట వేరట, కాక వేరట,
దీని బిళ్లలకు మంట తెల్వదు.

సల్ల గిన్నెల వేళ్లు ముంచి
గోడకానుకొని అట్లనే నిద్రపోయింది.
కండ్లల్ల వెలుగు పడ్తదని
దస్తీ కప్పిన.
కప్పంగనే గాలాడక
అదే ఆరింది.