నాలుగు గళ్ళ నది

మిష్కోల్ట్స్ ఆస్పత్రి, మూడో అంతస్తు,
కిటికీ పక్కన నాలుగో నంబరు కుర్చీ.
సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్న అది నాది.
మధ్యాహ్నం జోంబోర్‌ది, రొట్టెల బండి తోలే కుర్రాడు.
మంగళ, గురు, శనివారాలు ఎవరిదో.
మనిషిని చూడలేదు.
ఆకుపచ్చ సిరా, అంతే.

ముప్పై ఏళ్ళు ట్రాము నడిపాను.
ఇప్పుడు నా నెత్తురు ఆ ఉద్యోగంలో చేరింది:
ఒక గొట్టంలో వెళ్ళి ఇంకో గొట్టంలో తిరిగొస్తుంది,
నాలుగు గంటలు,
ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు.

పిరోష్కా రెండు సూదులు పొడిచి
సొరుగు లాగి
గళ్ళ నుడికట్టు పుస్తకం ఒళ్ళో పడేస్తుంది.
"ఇవీ పొడుపులే, వీటికి దూది అక్కర్లేదు."
ఎడమ చెయ్యి కదపకూడదు.
కుడి చేతిలో పెన్సిలు. మోకాలే బల్ల.

మొదట్లో గొడవలే.
జోంబోర్ ఒక సోమవారం పేజీ అంతా నింపేసి పోయాడు,
సగం తప్పులు, సగం ఫుట్‌బాల్ ఆటగాళ్ళ పేర్లు.
బుధవారం నాకేమీ మిగల్లేదు,
పైకప్పు పలకలు లెక్కపెట్టాను. నూట పన్నెండు.
అప్పుడు చూశాను, అంచున, ఆకుపచ్చగా:
"సూప్ అంతా తాగేసి గిన్నె వదిలేశారెవరో.
నాకూ ఆకలేస్తుంది."

అప్పట్నుంచీ ఎవరూ చెప్పకుండానే ఒక పద్ధతి.
తెలిసినా మొదటి అక్షరమే రాయడం,
తట్టనివాళ్ళు గడి మూలన చుక్క పెట్టడం,
ఆ చుక్కకి మరో కుర్చీ రోజున
ఎవరో చిన్న దారం చివర అందించడం.
నిలువు తొమ్మిది దగ్గర నేను చుక్క పెడితే
ఆకుపచ్చ సిరా రాసింది:
"మీ చొక్కాకి ఉంది. మా గుమ్మానికి లేదు,
అందుకే వచ్చినవాళ్ళు తలుపు బాదుతారు."
రెండు రోజులు నమిలాను.
శుక్రవారం యంత్రం కూత పెడుతుంటే
బొత్తాం! అని పైకే అరిచాను.
పిరోష్కా నా బీపీ చూసింది.

మార్చి నెల పుస్తకంలో అడ్డం పదిహేడు:
పశ్చిమాన పారే నది. నాలుగు గళ్ళు.
కళ్ళజోడు కోటు జేబులో ఉండిపోయింది.
పశ్చిమం నా కంటికి ఆనలేదు.
నది అనగానే నాకు ఒకటే నది,
చెప్పులు పోగొట్టుకుని మా అమ్మ చేత తన్నులు తిన్న నది.
షాయో అని నొక్కి రాశాను,
పెన్సిలుతో కాదు, పెన్నుతో.

తర్వాతి వారాల్లో పేజీ నిండింది.
ఒకటి రెండు మాటలు నేనెరగనివి,
చదువుకున్నవాళ్ళ మాటలు కాబోలనుకున్నాను.

ఏప్రిల్ పుస్తకంలో మార్చి జవాబులు వస్తాయి.
ఆ పేజీలో జోంబోర్ సలామీ రొట్టె చుట్టుకున్నాడు.
పారెయ్యబోతూ నా దుప్పటి మీద పెట్టాడు.
నూనె మరక వెనక నుంచి కనిపించింది:
అడ్డం పదిహేడు, రాబా.

పాత పుస్తకం సొరుగు అడుగు నుంచి తీయించాను.
ఈసారి కళ్ళజోడు పెట్టుకున్నాను.
నా నది మీదుగా దిగే నాలుగు నిలువు మాటలూ
ఏ నిఘంటువులోనూ లేవు.
ఒక్కోదాని పక్కన
చీమతలంత ఆకుపచ్చ అక్షరాల్లో అర్థం:
మా అమ్మమ్మ ఒక్కతే వాడిన గరిటె.
పెళ్ళికి ముందురోజు మాత్రమే పట్టే జలుబు.
మూడోది తడిసి చెరిగిపోయింది.
నాలుగోది, మంగళవారాలే కూసే పక్షి.

తెలుసన్నమాట. మొదటి రోజే తెలుసు.
ఒక్క గీత గీస్తే సరిపోయేది.
గీయకుండా నదిని దాని దారిన పోనిచ్చి
ఒడ్డున ఊళ్ళన్నిటినీ
కాస్త కాస్త జరిపిందెవరో.

పన్నెండున్నరకి పిరోష్కా సూదులు తీసింది.
దూది, పట్టీ, ఆ రోజుకి విడుపు.
"లేవండి, జోంబోర్ నిలబడి ఉన్నాడు" అంది.
ఒక్క నిమిషం అన్నాను.

పెన్సిలు మొద్దుబారింది.
ఆకుపచ్చ కింద, మిగిలిన కాస్త అంచులో రాశాను:
ఇవాళ శుక్రవారం.
కూసింది. విన్నాను.