అడుగు సీసం

గుణుపురం మున్సిపాలిటీ వరండాలో
ఏటా శివరాత్రి వెళ్ళిన మంగళవారం
తూనికరాళ్ళకు ముద్ర వేస్తారు.
బజారంతా కదిలి వస్తుంది,
గోనెసంచుల్లో రాళ్ళు మోసుకుంటూ,
చంటిపిల్లల్ని ఎత్తుకున్నట్టు
కరెంటు కాటాల్ని చంకనేసుకుంటూ.

జెనా బాబు చెక్కపెట్టె తెరిచి
మఖమల్ గుంటల్లోంచి ఇత్తడి గుళ్ళు తీస్తాడు.
వేలితో ముట్టడు, పట్టకారే.
చెమటక్కూడా బరువుంటుందంటాడు.

నా చోటు అతని పక్కన, నేలమీద.
లక్కోజు దాలయ్య, లైసెన్సున్న రిపేరుదారు.
కిరసనాయిలు స్టవ్వు, ఇనప గరిటె,
ఆకురాయి, పాత బ్యాటరీల సీసం.

మజీదు మాంసం కాటా ఆరు గ్రాములు ఎక్కువ చూపింది.
పళ్ళెం అంచున ఎండిన నెత్తురు.
బోరింగు దగ్గర కడిగించి మళ్ళీ తూశాం.
సరిపోయింది. తీగ చుట్టి సీలు నొక్కాం.
కాగితం గోడకు కట్టు, కొనేవాడికి కనబడాలి,
లేకపోతే జరిమానా అన్నాడు జెనా బాబు.
కనబడితే మటుకు ఎవడు చదువుతాడు బాబూ,
అన్నాడు మజీదు.

ఇనపరాయి అరుగుతుంది.
ఎవరూ కొరకరు దాన్ని.
ఉల్లిపాయలకీ ఉలవలకీ చేతులు మారి మారి
ఏడాదికి రెండు గ్రాములో మూడో
ఎటో పోతాయి.
అడుగున చిన్న గుంట ఉంటుంది.
పోయిందంతా కరిగించి అందులో పోస్తాను.
దానిమీద సుత్తితో ఒక్క దెబ్బ:
ఏడాది అంకె, ఒక అక్షరం.
సీసం మెత్తనిది.
ఏం చెప్పినా నమ్ముతుంది.

పొట్నూరు కామరాజు కొట్టుకి రెండు గుమ్మాలు.
ముందు గుమ్మంలో అద్దాల కాటా,
పైన సర్టిఫికెట్టు, దానికి రోజూ అగరొత్తి.
వెనక గుమ్మంలోకి కొండ దిగినవాళ్ళు వస్తారు,
చింతపండు, పిప్పళ్ళు, కొండచీపుళ్ళు.
అక్కడ దూలానికి గొలుసు త్రాసు.
దాని అయిదు కిలోల రాయి
ఈ వరండా మొహం చూడలేదు.

నాకు తెలుసు.
తుఫాను ఏడు, మా చిన్నదానికి జ్వరం దిగనప్పుడు
దాని కడుపులో
మూడొందల గ్రాములు అదనంగా పోసింది నేనే.
ఎనిమిదొందలు చేతిలో పెట్టాడు.
పిల్ల బతికింది.
ఆ మాట మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు.

ఈ ఏడు వరసలో సుంబారి నిలబడింది.
పుట్టాసింగి పైనుంచి, చీకటుండగా బయల్దేరి.
కాటా లేదు, కొట్టు లేదు,
నెత్తిన గంపలో ఒక నల్లరాయి,
వంశధార నున్నగా దువ్వింది.
వాళ్ళమ్మ ఏరిందట,
పాత షావుకారి రాయికి జత చూసి.
ఇంటి కావిడికి ఇటు రాయి, అటు చింతపండు
సమంగా నిలుస్తాయి,
కామరాజు త్రాసులో మాత్రం
పండు ఎప్పుడూ పైకి లేస్తుంది.
కొండదారిలో బరువు కారిపోతాదా బాబూ
అని అడిగింది, ఒడియా, తెలుగు కలిపి.

జెనా బాబు నవ్వాడు.
ఏటిరాయికి ముద్ర వెయ్యమని చట్టంలో లేదన్నాడు.
అయినా టీ ఇంకా రాలేదు,
చేతులు ఖాళీ.
ఎత్తి పళ్ళెంలో పెట్టాడు.

అయిదు కిలోల పన్నెండు గ్రాములు.

మళ్ళీ పెట్టాడు.
అంతే.
నవ్వు కళ్ళజోడుతో పాటు తీసి జేబులో వేసుకున్నాడు.

ఆమె అతన్ని చూడలేదు, కామరాజునీ చూడలేదు.
వాడు రసీదు మడుస్తున్నాడు
నాలుగు మడతలు, మరీ జాగ్రత్తగా.
ఆమె నా గరిటెనే చూసింది,
అందులో మెరుస్తున్నదేమిటా అని కాబోలు,
ఊరికే.

"దాలయ్యా, ఇంకేమైనా మిగిలాయా?"
ఏటా చివర్లో అడిగే మాటే.
ఏటా లేవు బాబూ అనే చెప్పాను.

సుంబారి చుట్టకుదురు సర్దుకుని
రాయి నెత్తికెత్తుకుంది.

"ఒకటుంది" అన్నాను,
నాకే సరిగా వినబడలేదు,
మళ్ళీ అన్నాను.

స్టవ్వు ఆర్పాను.
గరిటెలో సీసం గడ్డకట్టడానికి
ఎంతోసేపు పట్టదు.