రెండు రేకుల దరువు

మధురై మాట్టుత్తావణి పూల మార్కెట్లో
రాత్రి రెండింటికి మల్లెలు లారీ దిగుతాయి.
తూకం వేసేది నేను.
పదహారేళ్లుగా ఆ బుట్టల మీదే వంగి వంగి
నా ముక్కు మొద్దుబారిపోయింది.
మల్లె నాకు వాసన కాదు, బరువు.

చెవులు మాత్రం మిగిలాయి.
ముందు వాటితోనే తింటాను.

గేటు పక్కన ఖాజా మొహిదీన్ బండి.
జీపు బానెట్టంత పెనం.
పొరలు పొరలుగా ఊడొచ్చే పరోటాని
చింపి దాని మీద పారేసి
ఉల్లి, పచ్చిమిర్చి, దూసిన కరివేపాకు,
ఒంటిచేత్తో కొట్టిన గుడ్డు,
గరిటెడు సాల్నా,
ఆపైన రెండు ఇనప రేకులు.

తక్కిట తక్కిట తక: గుడ్డు కొత్తు.
తకతక, తకతక, కాస్త ఆగి ఒక్క తక: కోడి.
ఏమీ వెయ్యని ఉత్త కొత్తుకైతే
అందరికంటే ఎక్కువసేపు వాయిస్తాడు.
"ముక్క లేనోడికి మోతైనా నిండుగా ఉండద్దూ?"

ఈ లెక్క మార్కెట్టంతా ఎరుగుదురు.
మూటలు మోసే ఒచ్చు
నెత్తిన యాభై కిలోలతో నడుస్తూనే
"అది నాదీ!" అని కేకేస్తాడు.
మూట దిగకముందే వాడి నోట్లో నీళ్లు దిగుతాయి.
మాలలు కట్టే పేచ్చియమ్మ
దారం పంటికింద పట్టుకుని
"కోడి కొడుతున్నాడు, ఎవడికో బాకీ వసూలైంది" అంటుంది.

ఆడి మాసం.
పెళ్లిళ్లు లేవు, పూలకి ధర లేదు.
మంగళవారం రాత్రి మొహిదీన్
కుడి మణికట్టుకి కట్టుతో
తిరగేసిన గుడ్ల ట్రే మీద కూర్చున్నాడు.
పెనం ముందు నాగూర్ మీరాళ్.

ఇన్నేళ్లూ బండి వెనకే ఆమె.
ఉల్లి తరుగుతూ,
సోంపు, కొబ్బరి, రాతిపువ్వు నూరుతూ.
మాకు తెలిసింది ఆమె వీపూ, ఆవిరీ.

రేకులు ఎత్తింది.
తక.
చాలాసేపటికి ఇంకో తక.
తెలియని ఇంటి తలుపు కొట్టినట్టు.

బేరాలు ఆగాయి.
ఒచ్చు నడిరోడ్డు మీద మూటతో నిలబడిపోయాడు,
వెనక మినీ వ్యాను హారన్ మోగుతున్నా.
గుడ్డా? కోడా? ఎవరిది?
ఎవరికీ అంతుపట్టలేదు.

మొహిదీన్ ఎడంచెయ్యి గాల్లోకి లేపి
తాళం వెయ్యబోయాడు.
ఆమె వెనక్కి చూడకుండానే అంది:
"చెయ్యి దించండి, నొప్పెడుతుంది."

అక్కణ్ణించి ఆమెది ఆమెదే.
ఆయన దరువు కాదది, ఉల్లి తరిగే దరువు.
సన్నగా, సందు లేకుండా,
రేకుల షెడ్డు మీద చినుకులు
ఒక్కటై జడివాన అయ్యేలోపు చప్పుడు.

నా ఆకు వచ్చింది,
కింద నిన్నటి దినతంతి కాగితం.
ఆయన కొత్తులో తుంట తుంటకీ పేచీ ఉంటుంది,
నమిలి గెలవాలి.
ఇది గింజలంత ముక్కలు.
ఒక్కోటీ సాల్నా తాగి మెత్తబడి,
అంచున మాత్రం కరకర.
ఓ పచ్చిమిర్చి దాక్కుని ఉండి కాటేసింది.

అప్పుడు మల్లెల వాసన
తిరిగొచ్చిందని చెబితే బాగుండును.
రాలేదు.
ముక్కు కారింది, అంతే.
భుజానికి తుడుచుకుని ఆకు నాకాను.

పది రోజులకి కట్టు విప్పారు.
ఆమె రేకులు కింద పెట్టలేదు.
ఇప్పుడు ఆయన పిండి విసురుతాడు, ఆమె కొడుతుంది,
ఒక్కోసారి తిరగేసి.
ఒచ్చుకి పాపం పోల్చుకోవడం చేతకాక
మూటతో సహా పరిగెత్తుకొచ్చి
పెనంలోకి తొంగి చూసి పోతున్నాడు.
"మన చెవులకి మళ్లీ ఒకటో తరగతి"
అంటుంది పేచ్చియమ్మ.

నేనైతే జేబులో డబ్బులున్నా
ఉత్త కొత్తే చెబుతున్నాను,
అది ఎక్కువసేపు మోగుతుందని.

తక్కెట్లో పూలు వాడిపోతున్నాయని
యజమాని అరుస్తున్నాడు.
ఉండవయ్యా,
ఇంకా కొడుతోంది.