ఎవరూ ఆపమనలేదు

రాజమండ్రి కోటిలింగాల రేవులో ఉచితం అన్నారని
మండపేటలో బస్సెక్కాం, నేనూ బాబాయీ.
జాజ్ అంటే ఏంటో ఇద్దరికీ తెలీదు.
మెట్టు మీద తువ్వాలు పరుచుకున్నాం.
పక్కన ఎవరిదో కుటుంబం, పులిహోర పొట్లాలు,
లైటు స్తంభం చుట్టూ ఉసిళ్ళు.

గుండాయన శాక్సఫోను ఎత్తాడు.
"మనదే," అన్నాడు బాబాయి, "దానిది వెండి పూత."
కాసేపటికి, "పల్లవి ఎప్పుడొస్తాదిరా?"
తర్వాత అడగలేదు.

ముప్పయ్యేళ్ళు ఊరేగింపుల్లో ఊదాడు,
పెట్రోమాక్సు వేడిలో, పెళ్ళికారు బానెట్టుకి ముందు.
ఏ పాటా రెండో చరణం చూడలేదు.
"ఆపెహె, ఇంకోటి కొట్టు!"
జేబులో పదినోటు కుక్కి మరీ.

ఇక్కడ ఒక మనిషి ఒకే ముక్కని
తిప్పి, విప్పి, నీళ్ళ మీదకి వదిలేసి,
పోయిందనుకున్నాక మళ్ళీ పిలుచుకుని
ఇరవై నిమిషాలు.
ఎవరూ ఆపమనలేదు.
వంతెన మీద గూడ్సు కూడా
తన దారిన తాను పోయింది.

బాబాయి మోకాలిచిప్ప మీద
లేని మీటలు నొక్కుతున్నాయి వేళ్ళు.

ఆఖరి బస్సు కడియం దాటాక గుర్తొచ్చింది,
తువ్వాలు రేవులోనే ఉండిపోయిందని.
"పోన్లే," అన్నాడు
కిటికీ చువ్వ మీద
వాయిస్తూనే.