ఇరవై రూపాయల మారుమోత

బరాబర్ గుట్టల కింద కారు ఆగేసరికి
సుఖారీ మాంఝీ లేచి నిలబడ్డాడు,
చంకలో గొడుగు, చేతిలో చెప్పులు.
"లోపల దేవుడున్నాడా?" అన్నాను.
"ఎవరూ లేరు దీదీ. రాయి జారుతుంది, అంతే."

గుహలో గ్రానైటు
నూనె రాసిన నల్లటి వీపులా ఉంది.
సెల్‌ఫోన్ దీపం పడితే
గోడలో నా మొహం, నాకంటే వయసెక్కువదానిలా.
రెండువేల రెండొందల ఏళ్ళు దాటాయట,
ఎవరో ఈ చీకటిని
అద్దమయ్యేదాకా రుద్దారు
మొహం చూసుకునే వెలుగైనా లేని చోట.

సుఖారీ గొంతు సవరించుకుని
ఒకే ఒక్క "ఓ" వదిలాడు.
అది పోయింది.
ఒక్కతే పోయి
నలుగురిని వెంటేసుకొచ్చింది.
ఆఖరిది నా పంటి చిగుళ్ళలో ఆగింది.
"ఇరవై రూపాయలు," అన్నాడు.
ఆ అంకె కూడా చుట్టూ తిరిగి
చాలాసార్లు అడిగింది.

గుమ్మం దగ్గర శాసనం.
రాజు ఈ గుహ ఎవరికిచ్చాడో
సరిగ్గా ఆ పేరు మీదే ఉలి గాట్లు.
పక్క అక్షరాల జోలికి పోలేదు.
దానం ఉంది, దాత ఉన్నాడు,
పుచ్చుకున్నవాళ్ళు లేరు.
"మా టోలాలో పొలం కాయితాల్లాగే,"
అన్నాడు సుఖారీ. నవ్వలేదు.

మధ్యాహ్నం గయకి బయల్దేరాం.
డ్రైవరు లల్లన్ పక్క సీటు ఖాళీ.
ముప్ఫై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ
మ్యూజియం దారి చెబుతున్నాడట,
తనెప్పుడూ చూడలేదట.
ఎక్కాడు, గొడుగు ఒళ్ళో పెట్టుకుని.

మ్యూజియంలో కరెంటు లేదు.
టికెట్లావిడ కిటికీ వెలుగులో స్వెటర్ అల్లుతోంది.
ముక్కుల్లేని బుద్ధులు, బుద్ధుల్లేని పీఠాలు.
ఒక గాజుపెట్టెలో
"శుభ్రం చేయడానికి తీశాం" అనే చీటీ మాత్రం ఉంది,
పసుపుపచ్చబడి.

ఒక రాతి తల ముందు సుఖారీ ఆగిపోయాడు.
మెడ దాకానే ఉంది, పెదాలు కొంచెం తెరిచి.
అటూ ఇటూ చూసి
మెల్లిగా "ఓ" అన్నాడు.
సున్నం గోడలు మింగేశాయి.
కాపలా కుర్రాడు బోర్డు వైపు వేలు చూపించాడు,
నిశ్శబ్దం పాటించండి.
సుఖారీ వంగి
ఏదో వస్తువు జారిపడినట్టు
పీఠం కింద కూడా వెతికాడు.

పొద్దుగూకాక గుట్టల మలుపులో దిగాడు.
నలభై ఇచ్చాను.
ఒక ఇరవై తిరిగి నా చేతిలో పెట్టాడు.
"రెండోది మోగలేదు కదా."

గొడుగు సీట్లోనే మరిచిపోయాడు.
లల్లన్ హారన్ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు.
గుట్ట ప్రతిసారీ హారన్‌ని తిప్పి పంపింది,
అతన్ని మాత్రం పంపలేదు.