నలభై ఒక్క సార్లు

బతూమీ రేవులో వానకి సెలవు రోజుండదు.
కిటికీ అవతల క్రేన్లు, ఇవతల నేను,
పాత సర్వర్లోంచి కొత్త సర్వర్లోకి
మనుషుల చదువుల్ని మోస్తూ.

కంటైనర్లతో చిక్కు లేదు.
ఏ దేశపు ఓడ దించినా
మూల మూలకీ అదే కొలత రంధ్రం,
అదే కొక్కెం పడుతుంది.
పాఠాలకీ అలాంటి ఒప్పందమే ఒకటుంది:
ఎవరు కట్టినా ఒకే తీరు మూట కట్టాలి,
లోపలి సరుకు జాబితా మూటలోనే పెట్టాలి,
ఎవరి యంత్రం విప్పినా విచ్చుకోవాలి.

పాతకాలపు ఆ ఒప్పందానికి
మనిషి గురించి ఆరే మాటలు తెలుసు:
మొదలుపెట్టలేదు. తిరగేశాడు. సగంలో ఉన్నాడు.
ముగించాడు. నెగ్గాడు. తప్పాడు.
ఎక్కడ ఆగాడో గుర్తుంచుకోడానికి
నాలుగువేల తొంభై ఆరు అక్షరాల సంచీ.
నిండితే మిగతాది కారిపోతుంది,
కారిందని ఎవరికీ చెప్పదు.

ఎలిజ్‌బార్ చీటీ దగ్గర పని ఆగింది.
మూడో నంబరు క్రేను. యాభై తొమ్మిదేళ్ళు.
ఏడో పాఠం, గాలిలో బరువెత్తడం,
నలభై ఒక్కసార్లు తెరిచాడు.
మొదటిసారే తొంభై రెండు మార్కులు.
తర్వాత ముప్పై, యాభై, పదకొండు,
ఆఖరికి, సగంలో ఉన్నాడు.
కొత్త యంత్రానికి ఆఖరి మాటే వేదం.
పసుపు జెండా ఎగరేసింది: క్రేను ఎక్కనివ్వకండి.

నేనూ నమ్మాను. వయసు, అనుకున్నాను.
సిగ్గు విడిచి చెబుతున్నా,
జాలి కూడా పడ్డాను.

మధ్యాహ్నం ఆయనే వచ్చాడు,
టోపీ నీళ్ళు కారుతూ, జేబులో రెండు కమలాలు.
కాగితం చేతికిచ్చాను.
చాలాసేపు చదివి ఒక అంకె మీద వేలు పెట్టాడు.
"ఈ పదకొండు గోచాది. ఎత్తంటే భయం వాడికి.
వాడొక్కడే తొమ్మిదిసార్లు కూర్చున్నాడు.
ఇది జుంబెర్ చిన్నల్లుడు.
ఇది... పోతీ నుంచి వచ్చిన కుర్రాడు, పేరు మరిచాను.
కొత్తవాళ్ళకి లాగిన్ రావడానికి నెల పట్టేది.
అందాకా గాలి ఆగుతుందా?
నా పేరుతో తెరిచి పక్కన కూర్చునేవాణ్ణి."

కొత్త ఒప్పందం పాతదానిలా పిసినారి కాదు.
జరిగిన ప్రతిదాన్నీ చిన్న వాక్యంగా రాయమంటుంది.
ఎవరు, ఏం చేశారు, దేన్ని.
క్రియ చాలకపోతే మనమే ఒకటి పుట్టించుకోవచ్చు,
దానికో చిరునామా ఇస్తే సరి.
వాక్యం అంచున బోధకుడి పేరుకి గడి కూడా ఉంది.
ఎలిజ్‌బార్‌కి ఆ హోదా లేదని
సిబ్బంది విభాగం ఫోన్లో చెప్పింది.

"చెరిపెయ్యమ్మా, ఇంకోసారి పరీక్ష రాస్తాను,
పోయేదేముంది," అన్నాడు.
చెరపడం ఇందులో లేదు తాతా.
రద్దయిందని మరో వాక్యం రాయాలంతే,
పాతది దాని కిందే ఊపిరి తీస్తుంటుంది.

ఆయన చెబుతుంటే రాస్తూ పోయాను.
గోచా, తప్పాడు, ఏడో పాఠం.
గోచా, తప్పాడు, ఏడో పాఠం.
గోచా, నెగ్గాడు.
ప్రతిదానికీ జోడుగా ఇంకొకటి:
ఎలిజ్‌బార్, పక్కన కూర్చున్నాడు, ఏడో పాఠం.
సిబ్బంది విభాగం ఏమన్నా సరే
బోధకుడి గడి ఖాళీగా వదల్లేదు.

రేపు ఈ మూట పోతీ రేవుకి వెళ్తుంది.
"పక్కన కూర్చున్నాడు" అంటే ఏమిటో
అక్కడి యంత్రానికి తెలియదు.
తీసుకుంటుంది, దాచుకుంటుంది,
లెక్కలోకి మాత్రం తెచ్చుకోదు.

పసుపు జెండా దిగింది. ఆయన క్రేనెక్కాడు.
ఒక్క వాక్యం నా దగ్గరే ఉండిపోయింది.
కర్త లేని వాక్యాన్ని యంత్రం ముట్టుకోదు.
కమలా తొనలు ఒలుచుకుంటూ
ఆ ఏటి రాత్రి షిఫ్టుల రిజిస్టరు తిరగేస్తున్నాను,
పోతీ కుర్రాడి కోసం.