తడిమి చూసినాకే

ఈసలాపురంలో తెల్లారకముందే వరస మొదలవుతుంది.
మద్రాసు రైలు దిగినోళ్లు, ఆటోల్లో మూలిగేటోళ్లు,
భుజం జారిన కబడ్డీ పిల్లోడు.
నా పని గుడ్లు పగలగొట్టడం.
తెల్లసొన గిన్నెలోకి, పచ్చసొన బకెట్లోకి,
పొద్దు గూకేసరికి చేతులు బిగుసుకుపోతాయి.

ఆ పొద్దు గుణశేఖరం వచ్చినాడు.
నారాయణవనం వాడు, గుజరాత్‌లో ఓడలు కోస్తాడు.
"కోసేదేంది అబ్బోడా, అరటిగెలలా?"
అన్నాడు చెంగల్రాజు, వాడి కాలి మీద చెయ్యి ఆనించి.
అప్పుడే లాగడు ఆయన.
మోకాటి నుంచి మడమ దాకా వేళ్లతో నడుస్తాడు
కళ్లు మూసుకుని,
కరెంటు పోయిన ఇంట్లో తిరిగినట్టు.
యాడ విరిగిందో, యాడ ఉత్త వాపో
తెలిసినాకే వెదురుబద్దలు అడుగుతాడు.

గుణశేఖరం పళ్లు బిగబట్టి చెప్తా ఉన్నాడు:
మొదట్లో అన్నా తానూ కోసిన ఓడ గురించి.
పోటు చూసి ఒడ్డుకు తోలినారంట,
ఏనుగును బురదలో పండబెట్టినట్టు.
రంగు గీకితే పాత పేరు,
దాన్ని గీకితే ఇంకో పేరు.
ఆఖరి ప్రయాణానికి జెండా కూడా మార్చినారు,
సముద్రమే లేని ఏదో దేశానిది.
"పుత్తూరుకీ లేదు గదా సముద్రం" అన్నాను,
"మనమూ ఒక జెండా అమ్ముకుందాం."
నవ్వినాడు. నవ్వితే కాలు గుంజింది.

ఆ ఓడకు పట్టీ లేదు.
ఏ గోడలో ఏ విషం దాగుందో,
ఏ తొట్టిలో ఏ గాలి మిగిలుందో
రాసిన పట్టీ ఒకటి ఓడ వెంటే తిరగాలంట,
జాతకం మాదిరి.
దేశాలన్నీ హాంకాంగ్‌లో కూర్చుని రాసుకున్న మాట అది.
అమల్లోకి వచ్చేదానికి పదహారేళ్లు పట్టింది.
ఆ పదహారేళ్లూ
వాళ్లన్న సుందరమూర్తి కోస్తానే ఉన్నాడు.

ఇంజను గది గొట్టాల చుట్టూ తెల్లటి దూది ఉండేదంట.
దాన్ని గోతంలో కుక్కి తలకింద పెట్టుకునేవాడు.
"మెత్తగుండేది రా" అంటాడు ఇప్పటికీ,
మాటకూ మాటకూ మధ్య దగ్గి.
రుయాలో డాక్టరమ్మ ఫిల్మును వెలుగుకు పట్టి
చానా సేపు చూసి, ఒకటే అడిగింది:
ఏం పని చేసినావు నాయనా?

"ఇప్పుడట్ట లేదులే మామా.
నేలకు సిమెంటు పోసినారు, ప్లేటును పట్టేదానికి క్రేను,
మంట పెట్టకముందు గాలి కొలిచే పెట్టె,
సంతకం పడందే టార్చి ముట్టనియ్యరు."
"మరి ఇదెట్ట విరిగింది?"
వాడు పైకప్పు రేకుల్ని చూసినాడు.
"అది యార్డులో కాదు మామా. బయట, రోడ్డు వారన,
తునకల్ని తునకలు చేసే చోట.
కూలి నూరు ఎక్కువ. సంతకాలు లేవు."

చెంగల్రాజు అప్పుడు లాగినాడు.
ఒక్క కేక.
వరసలో ఉన్నోళ్లంతా తమ తమ ఎముకల్ని పట్టుకున్నారు.
ఆకు పసరు, నా గిన్నెలో సొన, గుడ్డ, బద్దలు.

"మూడు కట్లు. ఆపైన నడుస్తావు."
"మా అన్నను తీసుకురానా?"
ఆయన చేతులు కడుక్కుంటా ఉన్నాడు.
కడిగిన చేతుల్నే మళ్లీ కడిగినాడు.
"నాకు తెలిసింది ఎముక ఒక్కటే నాయనా."

గుణశేఖరం పోయినాడు, చంకలో ఇనప గొట్టం ఊతగా.
అది యాడిదో నేను అడగలేదు.

ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు.
మా స్లాబుకు గాజులమండ్యం నుంచి దిగిన కమ్మీలు
వాకిట్లో పడి ఉన్నాయి.
పోయిన జన్మలో మీరు ఏంది,
ఎవరు కోసినారు, ఏ గాలి పీల్చి?
ఒక్కోదాన్నీ ఈ కొస నుంచి ఆ కొస దాకా
చెంగల్రాజు మాదిరి తడుముకుంటా పోయినాను.
నా వేళ్లకు ఆ చదువు లేదు.
ఆరిన సొన మీద
తుప్పు మాత్రం అంటింది.